డిటెక్టివ్ నవలకు రెండు గంటలు చాలు

సంపాదకులకు నమస్కారం.

పాత తెలుగు డిటెక్టివ్ నవలల్ని తెరకెక్కించాలన్న మాట ఈమధ్య తరచూ వినబడుతోంది. చాలా మంచి మాట. కొమ్మూరి సాంబశివరావు రాసిన డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు కథల్ని అద్దెకు తెచ్చుకుని ఒక్క రాత్రిలో చదివేసిన తరం ఇంకా ఉంది. ఆ పేర్లు వినని తరం టీవీ ముందు, ఫోను ముందు కూర్చుని ఉంది. ఈ ఇద్దరినీ కలిపే పని ఎవరు చేసినా మెచ్చుకోవలసిందే. అయితే ఆ మాట వచ్చిన ప్రతిసారీ 'ఎనిమిది ఎపిసోడ్ల సిరీస్' అన్నది కూడా వెంట వస్తోంది. అభ్యంతరమల్లా అక్కడే. ఒక్క రాత్రిలో చదివే పుస్తకాన్ని ఆరు గంటలు సాగదీస్తే అందులో బిగువు ఎక్కడ మిగులుతుంది?

ఒక నవలకు ఒక సినిమా, అదీ టీవీ కోసమే తీసిన రెండు గంటల సినిమా. ఈ కొలత కొత్తదేమీ కాదు. బ్రిటన్‌లో ఐటీవీ ఛానెల్ 1987 జనవరి 6న 'ద డెడ్ ఆఫ్ జెరికో' అనే టెలీఫిల్మ్ వేసింది. కోలిన్ డెక్స్టర్ రాసిన ఇన్‌స్పెక్టర్ మోర్స్ నవలల్లో అది ఐదోది, పుస్తకంగా 1981లో వచ్చింది. డెక్స్టర్ ఆక్స్‌ఫర్డ్‌లో పరీక్షల బోర్డులో ఉద్యోగం చేశారు, గళ్ల నుడికట్టు (క్రాస్‌వర్డ్) పోటీల్లో ఆరితేరిన మనిషి. 1975 నుంచి 1999 దాకా 13 మోర్స్ నవలలు రాశారు. (మన ఆరుద్ర కూడా గళ్ల నుడికట్టు కూర్చారు, డిటెక్టివ్ నవలలూ రాశారు. ఈ రెండు పనులకూ ఒకే రకం బుర్ర కావాలేమో.) టీవీలో మోర్స్ సినిమాలు 2000 నవంబరు దాకా మొత్తం 33 వచ్చాయి. మోర్స్‌గా జాన్ థా, అతని సహాయకుడు సార్జెంట్ లూయిస్‌గా కెవిన్ వేట్లీ నటించారు. నవలను టీవీ సినిమాగా మార్చడంలో ఏది కలిసొస్తుందో, ఏది ఎదురుతిరుగుతుందో నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి పాఠ్యపుస్తకం దొరకదు.

ముందు లెక్క చూద్దాం. అప్పటికి బ్రిటిష్ టీవీలో డిటెక్టివ్ కథ అంటే గంట స్లాటు, ప్రకటనలు పోగా 50 నిమిషాలు అన్నది వాడుక. మోర్స్‌కు రెండు గంటల స్లాటు ఇచ్చారు, అంటే ప్రకటనలు పోగా దాదాపు 100 నిమిషాల సినిమా. డెక్స్టర్ కథల తీరు తెలిసినవాళ్లకు ఆ అవసరం వెంటనే అర్థమవుతుంది. మోర్స్ తెలివైనవాడే గానీ మొదటిసారే సరైన జవాబు చెప్పడు. ఒక సిద్ధాంతం కడతాడు, అది కూలిపోతుంది. ఇంకొకటి కడతాడు, అదీ కూలుతుంది. ప్రేక్షకుడు ఒక తప్పుడు సిద్ధాంతాన్ని నమ్మాలంటే దానికి కావలసిన మనుషుల్ని పరిచయం చెయ్యాలి, వాళ్లమీద అనుమానం పెంచాలి, ఇక వీడే అనిపించాలి, అప్పుడు పడగొట్టాలి. ఇంత పనికి పాతిక నిమిషాలు పడుతుంది. శవం దొరికేదాకా ఇరవై నిమిషాలు, రెండు తప్పుడు సిద్ధాంతాలకు యాభై, అసలు జవాబుకు పాతిక, చివర చల్లారడానికి అయిదు. మొత్తం వంద. 50 నిమిషాల్లో ఒకే తప్పుడు దారి పడుతుంది, అది తప్పుడు దారి అని చూసేవాడికి ముందే తెలిసిపోతుంది. ఆరు గంటలు ఇస్తే పది పన్నెండు తప్పుడు దారులు కావాలి. అవి పుస్తకంలో ఉండవు. ఉండవు కాబట్టి స్క్రిప్టు రాసేవాళ్లు డిటెక్టివ్ విడాకుల గొడవ, చిన్ననాటి గాయం, మంత్రిగారి కుట్ర తెచ్చి అతికిస్తారు. నాలుగో ఎపిసోడుకు హత్య ఎవరిదో కూడా గుర్తుండదు.

చిన్న కథలైతే వేరే సంగతి. దూరదర్శన్‌లో 1993లో బసు ఛటర్జీ తీసిన బ్యోమకేశ్ బక్షీ ఎపిసోడ్లు అంత బాగా కుదిరాయంటే, శరదిందు బందోపాధ్యాయ రాసినవి చాలామటుకు చిన్న కథలు, పెద్ద కథలు. కథ ఎంత ఉందో కొలత అంతే ఉంది. నవలకు నవల కొలత కావాలి, అంతే.

రెండో విషయం, ఏ నవలతో మొదలుపెట్టాలన్నది. మనవాళ్లకు వరసలో మొదటి పుస్తకం మొదట తియ్యాలన్న పట్టింపు ఉంటుంది. మోర్స్ మొదటి నవల 'లాస్ట్ బస్ టు వుడ్‌స్టాక్' 1975లో వచ్చినా, టీవీలోకి 1988 మార్చిలో గానీ రాలేదు. మొదట తీసింది ఐదోదైన 'జెరికో'. ఎందుకో చూస్తే తెలుస్తుంది. ఆ కథలో మోర్స్ ఒక స్త్రీ మీద మనసుపడతాడు, ఆమె తన ఇంట్లోనే ఉరికి వేలాడుతూ కనిపిస్తుంది. ఒంటరివాడు, సంగీతం అంటే ప్రాణం, శవాన్ని చూస్తే కడుపులో తిప్పేవాడు, ఆడవాళ్ల విషయంలో ఎప్పుడూ ఆలస్యమయ్యేవాడు: ఇంత మనిషినీ ఎవరూ నోరు విప్పి పరిచయం చెయ్యకుండానే మొదటి భాగంలో చూపించగలిగారు. డిటెక్టివ్‌కు సొంత బాధ ఉన్న కథ ఏదో వెతికి దానితో మొదలుపెట్టాలి. కేసు ఎంత గొప్పదైనా, దాన్ని విప్పేవాడు మనవాడు కాకపోతే రెండో సినిమాకు ప్రేక్షకుడు రాడు.

జెరికో అన్నది ఆక్స్‌ఫర్డ్‌లో కాలువ పక్కన ఉన్న పేట. గోడకు గోడ ఆనుకున్న చిన్న చిన్న ఇటుక ఇళ్లు, సన్నటి వీధులు. నవలలో చెప్పిన 'కెనాల్ రీచ్' కల్పిత వీధి. సినిమాకు అక్కడే ఉన్న కూమ్ రోడ్డును వాడుకున్నారు. ఎదురింటి ముసలాయన కిటికీలోంచి ఎవరొచ్చారు, ఎవరు వెళ్లారు అని చూస్తూంటాడు (ఆ పాత్ర వేసింది పాట్రిక్ ట్రౌటన్). ఆ చూపే కథకు ఇరుసు. అందువల్ల ఆ వీధి, ఈ తలుపు, ఆ కిటికీ ఒకదానికొకటి ఎంత దూరమో ప్రేక్షకుడికి కళ్లకు కట్టాలి. మన దగ్గర తరచూ జరిగే పొరపాటు ఇక్కడే. ఇంటి బయట ఒక ఊళ్లో తీస్తారు, లోపల సెట్టు వేస్తారు, ఎదురిల్లు ఇంకెక్కడో. 'కిటికీలోంచి చూశాను' అన్న సాక్ష్యం అప్పుడు ఉత్త మాట అయిపోతుంది. వీధి మొగలో కెమెరా పెట్టి రెండు ఇళ్లూ ఒకే షాట్‌లో పడేలా కనీసం ఒక్కసారి చూపించాలి, అదీ హత్యకు ముందు. హత్య తర్వాత చూపిస్తే ఆధారం అని తెలిసిపోతుంది.

ఇక మార్పుల సంగతి. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు తియ్యకపోతే పాఠకులు కొడతారేమో అన్న భయం మనవాళ్లకు ఉంది. నవలల్లో లూయిస్ వేల్స్ మనిషి, మోర్స్ కన్నా వయసులో పెద్దవాడు. టీవీకి వచ్చేసరికి ఉత్తర ఇంగ్లండ్ యాసతో, ఇంటి దగ్గర భార్యాపిల్లలున్న కుర్రవాడయ్యాడు. ఇది సొగసు కోసం చేసిన మార్పు కాదు. నవలలో మోర్స్ ఏమనుకుంటున్నాడో రచయిత చెప్పేస్తాడు. సినిమాలో మోర్స్ ఆలోచన ఎవరో ఒకరికి చెప్పాలి, ఆ చెప్పించుకునేవాడు 'ఎందుకండీ' అని అడగాలి. తనకన్నా పెద్దవాడు అడిగితే అది ప్రశ్నలా ఉండదు, తప్పు పట్టినట్టు ఉంటుంది. కుర్రవాడు అడిగితే సహజంగా ఉంటుంది, పైగా చూసేవాడు అతని పక్షాన చేరతాడు. ఒక్క వయసు మార్పుతో 33 సినిమాలకు వాయిస్ ఓవర్ అవసరం తప్పింది. తెలుగు స్క్రిప్టుల్లో డిటెక్టివ్ గొంతు వెనకనుంచి 'అప్పుడు నాకు అనుమానం వచ్చింది' అని వినబడగానే సగం బిగువు పోతుంది. రాజు లాంటి సహాయకుడు మన నవలల్లోనే ఉన్నాడు. అతని చేత తలూపించి ఊరుకోకుండా అడగాల్సింది అడిగించాలి.

కారు కూడా అంతే. మొదటి నవలల్లో మోర్స్ లాన్సియా నడిపేవాడు. టీవీలో ముదురు ఎరుపు జాగ్వార్ మార్క్ 2 ఇచ్చారు, 2.4 లీటర్ల ఇంజిను, నంబరు 248 ఆర్‌పీఏ. ఆ కారు జనానికి ఎంత నచ్చిందంటే, తర్వాతి నవలల్లో డెక్స్టర్ కూడా మోర్స్‌కు జాగ్వారే ఇచ్చారు, పాత నవలల పునర్ముద్రణల్లో లాన్సియాను జాగ్వార్‌గా దిద్దారు. లూయిస్ కూడా తర్వాతి పుస్తకాల్లో తెర మీది లూయిస్‌కు దగ్గరగా జరిగాడు. 'ద వుల్వర్కోట్ టంగ్' అనే 1987 నాటి సినిమా డెక్స్టర్ ఇచ్చిన కథావస్తువుతో టీవీకే రాసింది. నాలుగేళ్ల తర్వాత ఆయన దాన్నే 'ద జ్యుయెల్ దట్ వాజ్ అవర్స్' నవలగా మలిచారు. రచయితను బయట నిలబెట్టకుండా లోపల కూర్చోబెట్టుకుంటే ఇలా ఉంటుంది. చాలా మోర్స్ సినిమాల్లో డెక్స్టర్ ఒక మూల దారిన పోయే మనిషిలా కనబడతారు కూడా.

మరి ఏది మార్చకూడదు? ఆధారాల గొలుసు. స్క్రిప్టు మొదలుపెట్టే ముందు చెయ్యవలసిన పని ఇది: నవలను చివరినుంచి చదవాలి. హంతకుడు ఏ రోజు, ఏ గంటకు, ఎక్కడ, ఏం చేశాడో ఒక కాగితం మీద వరసగా రాసుకోవాలి. ఇంకో కాగితం మీద డిటెక్టివ్‌కు ఏది ఎప్పుడు తెలిసిందో రాసుకోవాలి. ఈ రెండో వరసలో ఎన్ని ఆధారాలు తేలతాయో లెక్కపెట్టాలి. పన్నెండు వస్తే వంద నిమిషాల్లో ఆరేడు మాత్రమే నిలబెట్టగలం. తీసేసేటప్పుడు ఒకటే పరీక్ష: ఇది లేకపోయినా హంతకుడి పేరు తప్పనిసరిగా తేలుతుందా? తేలితే తీసెయ్యవచ్చు. తేలకపోతే దానికోసం ఇంకో పాత్రనైనా వదులుకోవాలి. అనుమానితులు అయిదుగురికి మించితే తెర మీద ముఖాలు కలిసిపోతాయి. పుస్తకంలో వెనక్కి తిరగేసి చూసుకోవచ్చు, టీవీలో ఆ వీలు లేదు.

మిగిలిన ఆరేడు ఆధారాల్లో ప్రతిదాన్నీ చెవినుంచి కంటికి మార్చాలి. ఇక్కడే అసలు పనితనం. రెండో సినిమా 'ద సైలెంట్ వరల్డ్ ఆఫ్ నికొలస్ క్విన్' దీనికి చక్కటి ఉదాహరణ. క్విన్ చెవిటివాడు, పరీక్షల బోర్డులో పనిచేస్తాడు, ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టుకుంటాడు. (డెక్స్టర్‌కూ వినికిడి తక్కువే, పరీక్షల బోర్డూ ఆయన బాగా ఎరిగినదే.) పెదాలు చూసి మాట పట్టుకునేవాళ్లకు ఒక చిక్కు ఉంటుంది. అద్దం ముందు నిలబడి గొంతు బయటికి రాకుండా 'పాలు' అనండి, 'బాలు' అనండి, 'మాలు' అనండి. మూడింటికీ పెదాలు ఒకే తీరుగా మూసుకుని తెరుచుకుంటాయి. తేడా అంతా గొంతులో, ముక్కులో ఉంది, పెదాల మీద లేదు. క, గ అయితే నోటి లోపలే పుట్టి అక్కడే అయిపోతాయి, బయటికి ఏమీ కనబడదు. నవలలో ఈ సంగతి ఒక పేరా రాసి చెప్పాలి. సినిమాలో శబ్దం ఆపేసి, కదిలే పెదాలు చూపిస్తే చాలు, ప్రేక్షకుడే ఆ క్షణానికి చెవిటివాడవుతాడు. నవల చెయ్యలేని పని సినిమా చేసే చోటు ఇదే. అయితే జాగ్రత్త కూడా ఇక్కడే కావాలి. నిశ్శబ్దంగా చూపించిన పెదాలు నిజంగా ఆ మాటే పలికి ఉండాలి. నటుడి చేత ఏదో ఒకటి అనిపించేసి డబ్బింగులో చూసుకుందాం అంటే, సినిమాను ఆపి మళ్లీ చూసే ఈ కాలం ప్రేక్షకుడు పట్టేస్తాడు. మన దగ్గర నటులు ఒక భాష, గొంతు ఇంకొకరిది అన్న అలవాటు చాలాకాలంగా ఉంది. డిటెక్టివ్ కథలో మాటే ఆధారం కాబట్టి, లొకేషన్‌లోనే శబ్దం పట్టుకోవాలి.

కంటికి మార్చడం కుదరని ఆధారాలూ ఉన్నాయి. వేషం మార్చుకోవడం వాటిలో మొదటిది. 'అతను లోపలికి వచ్చాడు' అని నవలలో రాస్తే ఆ 'అతను' ఎవరైనా కావచ్చు. కెమెరాకు సర్వనామం లేదు. ముఖం చూపించక తప్పదు, చూపించకుండా వీపు మాత్రమే చూపిస్తే అదే పెద్ద అనుమానం. డెక్స్టర్ నవల 'ద సీక్రెట్ ఆఫ్ అనెక్స్ 3' కథ హోటల్లో కొత్త సంవత్సరం వేషాల విందు చుట్టూ తిరుగుతుంది. 1989లో అది టీవీకి వచ్చేసరికి పేరే 'ద సీక్రెట్ ఆఫ్ బే 5బీ' అయింది, హోటలు గది పోయి కార్ల పార్కింగు వచ్చింది. తెలుగు డిటెక్టివ్ నవలల్లో మారువేషాలు కొల్లలు. గడ్డం అతికించుకుని వచ్చిన హంతకుణ్ణి పుస్తకం పేజీలో నమ్ముతాం, క్లోజప్‌లో నమ్మం. అలాంటి నవల తియ్యాలనుకుంటే వేషం చేసే పనిని ఇంకొకదానికి అప్పగించాలి: టెలిఫోనులో గొంతు, దూరంనుంచి చూసిన గొడుగు, చీకట్లో వెళ్లిన సైకిలు. అది కుదరకపోతే ఆ నవల పక్కనపెట్టి ఇంకొకటి తీసుకోవడం మేలు.

ఫ్లాష్‌బ్యాక్ గురించి కొంచెం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మన తెర మీద దీన్ని విచ్చలవిడిగా వాడతారు. 'ద వెంచ్ ఈజ్ డెడ్' నవల 1989ది, టీవీకి 1998లో మాల్కం బ్రాడ్‌బరీ రాశారు. మోర్స్ ఆసుపత్రి మంచం మీద పడి ఉండి, 1859లో ఆక్స్‌ఫర్డ్ కాలువలో శవమై తేలిన ఒక స్త్రీ కేసును పాత పుస్తకం చదివి తిరగదోడతాడు. మంచం దిగని డిటెక్టివ్‌ను వంద నిమిషాలు చూపించలేరు కాబట్టి 1859ను తెర మీదికి తెచ్చారు. అక్కడ ఉన్న ప్రమాదం ఏమిటంటే, కెమెరా చూపించినదాన్ని ప్రేక్షకుడు నిజమని నమ్ముతాడు. కోర్టులో చెప్పిన అబద్ధాన్ని చూపించి, తర్వాత 'అది అబద్ధం' అంటే మోసపోయానని కోపం వస్తుంది, ఆ కోపం న్యాయమైనదే. అందుకని నియమం ఒకటి పెట్టుకోవాలి. ఫ్లాష్‌బ్యాక్ ఎప్పుడూ ఎవరో ఒకరి వాంగ్మూలంగా మొదలవ్వాలి, ఎవరిదో తెలిసేలా ముగియాలి. సాక్షి నోట మాట మొదలై, అతని ముఖం మీదనుంచి దృశ్యంలోకి వెళ్లి, మళ్లీ అతని ముఖం మీదికే రావాలి. అప్పుడు అది అతని మాట, సినిమా మాట కాదు. అదే సంఘటనను రెండో సాక్షి చెప్పినప్పుడు ఒక వస్తువు చోటు మారి ఉంటే, గమనించినవాడికి పండగ.

చివర డిటెక్టివ్ అందర్నీ హాల్లో కూర్చోబెట్టి పావుగంట ఉపన్యాసం ఇచ్చే సీను నవలలో తప్పదు. టీవీలో అది అయిదు నిమిషాలు దాటకూడదు. దాటుతోందంటే ముందు తొంభై నిమిషాల్లో చెప్పవలసినది చెప్పలేదన్నమాట. విడగొట్టి, కొంత కారులో సహాయకుడితో, కొంత హంతకుడితో ఎదురెదురుగా చెప్పించవచ్చు.

పాత్రధారుల ఎంపికలో ఒక్క మాట. అయిదుగురు అనుమానితుల్లో నలుగురు కొత్తవాళ్లు, ఒక్కరు పేరున్న నటుడు అయితే హంతకుడెవరో టైటిల్స్ పడుతుండగానే తేలిపోతుంది. అయిదుగురూ ఒకే స్థాయి నటులై ఉండాలి. డబ్బు తక్కువైతే అయిదుగురూ నాటకరంగం వాళ్లైతే మరీ మంచిది.

సంగీతం గురించి చిన్న ముచ్చట. బారింగ్టన్ ఫెలూంగ్ కట్టిన మోర్స్ సంగీతం మోర్స్ కోడ్‌లో (అక్షరాల్ని పొడవు, పొట్టి శబ్దాలుగా పంపే టెలిగ్రాఫ్ సంకేతాల్లో) ఆ పేరునే అక్షరం అక్షరంగా మోగిస్తుంది: రెండు దీర్ఘాలు, మూడు దీర్ఘాలు, హ్రస్వం దీర్ఘం హ్రస్వం, మూడు హ్రస్వాలు, చివర ఒక్క హ్రస్వం. గురువు, లఘువు తెలిసిన తెలుగువాళ్లకు ఇది విన్న వెంటనే పట్టుబడుతుంది. కొన్నిసార్లు ఆయన నేపథ్య సంగీతంలో హంతకుడి పేరు కూడా ఇలాగే దాచేవారు. మన డిటెక్టివ్‌కు కూడా తన పేరు లయలో ఒక బాణీ కట్టించుకోవచ్చు, ఖర్చేమీ పెరగదు.

కాలం విషయంలో మన పాత నవలలకు మోర్స్‌కు లేని ఇబ్బంది ఉంది. 'జెరికో' పుస్తకానికీ సినిమాకూ మధ్య ఆరేళ్లే. మనవి యాభై అరవై ఏళ్ల నాటివి. ట్రంక్ కాల్ బుక్ చేసి గంటలు ఎదురుచూడటం, టెలిగ్రాం రావడం, మెయిలు రైలు ఆలస్యం కావడం: హంతకుడు ఆ సమయానికి అక్కడ లేనని చెప్పుకునే సాకు వీటిమీదే నిలబడి ఉంటుంది. కథను ఇప్పటి కాలానికి తెచ్చి చేతికి సెల్‌ఫోను ఇవ్వగానే, సెల్ టవరు లెక్క ఒక్కటే ఆ సాకును అరగంటలో తేల్చేస్తుంది, వీధి చివర సీసీ కెమెరా మిగతాది తేలుస్తుంది. మన దేశంలో టెలిగ్రాం సేవే 2013 జులైలో ఆగిపోయింది. కాబట్టి కాలం మార్చవద్దు. పాత కాలం తియ్యాలంటే ఖర్చు అనేవాళ్లకు జవాబు ఈ కొలతలోనే ఉంది. రెండు గంటల డిటెక్టివ్ కథకు రెండు ఇళ్లు, ఒక వీధి, ఒక ఆఫీసు గది, ఒక రైల్వే ప్లాట్‌ఫారం చాలు. తెనాలిలోనో, బందరులోనో, వరంగల్ పాతబస్తీలోనో మండువా లోగిలి, పెంకుటింటి వరస ఇంకా దొరుకుతాయి. ఎనిమిది ఎపిసోడ్లకు పాత కాలం పేర్చాలంటే మాత్రం నిజంగానే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

ఇక హక్కులు. సగం ప్రయత్నాలు ఆగిపోయేది ఇక్కడే కాబట్టి వివరంగా రాస్తున్నాము. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం నవల మీద హక్కు రచయిత జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. ఆ అరవై ఏళ్లు మరణించిన మరుసటి సంవత్సరం మొదటి రోజునుంచి లెక్క. అంటే 1994లో పోయిన రచయిత నవలలు 2054 చివరిదాకా వారసులవే. పుస్తకం అచ్చు వేసినవారి దగ్గర ఉన్నది సాధారణంగా అచ్చు హక్కు మాత్రమే, సినిమా హక్కు వేరు. హక్కు బదిలీ నోటిమాటతో చెల్లదు, రాతపూర్వకంగా ఉండి, ఇచ్చినవారి సంతకం ఉండాలి. పత్రంలో గడువు రాయకపోతే అయిదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశానికి మాత్రమేగా చట్టం భావిస్తుంది. ఈ రెండోది మరిచిపోతే డాలస్‌లో, దుబాయిలో ఉన్న తెలుగువాళ్లకు ఆ సినిమా చూపించే హక్కు నిర్మాతకు ఉండదు. హక్కు తీసుకున్నవారు ఏడాదిలోగా దాన్ని వాడకపోతే, పత్రంలో వేరేగా రాసుకుంటే తప్ప, అది తిరిగి పోతుంది. 2012 సవరణ ఇంకొకటి చేర్చింది: పత్రం రాసిన నాటికి లేని, లేదా వ్యాపార వాడకంలోకి రాని మాధ్యమానికి, దాని పేరు పత్రంలో ప్రత్యేకంగా రాస్తే తప్ప, బదిలీ వర్తించదు. పాత కాగితం ఏదో చేతిలో ఉందని ఓటీటీ సినిమా మొదలుపెట్టవద్దు. రచయిత పిల్లలు ముగ్గురుంటే ముగ్గురి సంతకాలూ కొత్త పత్రం మీద తీసుకోవాలి. అందులో నవల పేరు, డిటెక్టివ్ పాత్ర పేరు, టీవీ, ఓటీటీ, డబ్బింగు భాషలు, గడువు, దేశాలు విడివిడిగా రాయాలి. పాత్ర పేరు విడిగా రాయడం మరిచిపోతే రెండో సినిమా దగ్గర మళ్లీ మొదటికి వస్తుంది. వారసులకు రాబడిలో వాటా ఇస్తే ఇంకా మంచిది. పుస్తకాలు మళ్లీ అచ్చుకు రావడానికి వాళ్లే చొరవ తీసుకుంటారు.

ఇదంతా అయ్యాక, ఎడిటింగు బల్ల దగ్గర చెయ్యవలసిన పని ఒకటి మిగులుతుంది. నవల చదవని పదిమందిని పిలిచి సినిమా వేసి, 80వ నిమిషం దగ్గర ఆపాలి. హంతకుడెవరో తలా ఒక చీటీ మీద రాయమనాలి. తొమ్మిదిమంది సరిగ్గా రాస్తే ఏదో ఒక ఆధారం మీద కెమెరా మరీ ఎక్కువసేపు నిలబడిందన్నమాట, ఆ షాట్ కత్తిరించాలి. ఒక్కరూ రాయకపోతే అప్పుడే సంతోషించకూడదు. మిగతా సినిమా కూడా వేసి, ఏ ఆధారం ఏ సీనులో కనబడిందో చెప్పమనాలి. చెప్పలేకపోయిన ఆధారం తెర మీద పడనట్టే లెక్క. ఆ షాట్‌కు రెండు సెకన్లు కలిపి, ఇంకో పదిమందిని పిలవాలి.

భవదీయులు,
కొందరు డిటెక్టివ్ నవలాభిమానులు,
తెనాలి